ఇరవై నాలుగు కిలోల సీసం

భోజనాల గదిలో ఫ్యాను ఐదులో తిరిగితే వకుళ ఫ్రిజ్ దాకా కొట్టుకుపోతుంది కాబట్టి మూడు దాటకూడదని ఆమె, మూడులో పెడితే తనకు చెమట ఆరదని భర్త ఉమాపతి, ఆ శుక్రవారం పొద్దున్న టిఫిన్ల దగ్గర మాటామాటా అనుకున్నారు.

"మూడులో గాలి నా దాకా రావట్లేదు," అన్నాడు ఉమాపతి ఇడ్లీ తుంచుతూ.

"ఐదులో నేను మీ దాకా రాలేకపోతున్నాను. చట్నీ కావాలా వద్దా?"

"ఏదో ఒకటి పట్టుకుని రావచ్చుగా."

"ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో గరిటె. మూడో చెయ్యి ఇంకా మొలవలేదు."

"పొద్దున్నే ఏమిట్రా ఈ గోల," అంది అత్తగారు భ్రమరాంబ, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే. "నాలుగులో పెట్టండి. ఇద్దరికీ సరిపోతుంది."

నాలుగులో పెట్టారు. నాలుగులో వకుళ కొట్టుకుపోలేదు గాని, గాలికి ఎదురు నడిచేవాళ్ళలా ముందుకు వంగి నడవాల్సి వచ్చింది. ఉమాపతి మెడ మీద చెమట సగం ఆరి సగం ఆగింది. ఇద్దరికీ ఎంతో కొంత ఇబ్బంది మిగిలింది కాబట్టి తగువు న్యాయంగానే తీరిందని భ్రమరాంబ అనుకుంది.

వకుళ బరువు ముప్పై ఒక్క కిలోలు. పెళ్ళినాటికి యాభై ఎనిమిది ఉండేది. ఆమె చిక్కిపోలేదు. ముఖం, భుజాలు, జాకెట్టు కొలతలు అన్నీ అప్పటిలాగే, వయసు తెచ్చిన మార్పులతో, ఉన్నాయి. బరువు ఒక్కటే లేదు. అది ఇంట్లోవాళ్ళ సామాన్ల మీద ఒక్కొక్క విడత చొప్పున వెళ్ళిపోయింది.

నిబంధన అందరికీ తెలిసిందే. విమానంలో మనిషికి పదిహేను కిలోల సామాను, ఏడు కిలోల చేతిసంచి. అది దాటితే, దాటినంత మేరకు కుటుంబంలో ఎవరో ఒకరు ఒంటి బరువు జమ చెయ్యాలి. సామాను తూచే చోటికి పక్కనే సర్దుబాటు కౌంటరు ఉంటుంది. అక్కడ స్టీలు పలక మీద అరచెయ్యి ఆనిస్తే పచ్చదీపం వెలిగేలోపు పని అయిపోతుంది. నొప్పి ఉండదు. ఇచ్చేవారు ప్రయాణికుడితో ఒకే చిరునామాలో ఉండాలి. ఇచ్చిన బరువు తిరిగి ఇవ్వబడదు. తిండి వల్లగాని, విశ్రాంతి వల్లగాని అది మళ్ళీ రాదు. ఆ బరువు తీసుకుని వాళ్ళేం చేసుకుంటారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడుగుదామనుకునేలోపే బోర్డింగు పిలుస్తారు.

కుటుంబంలో ఎవరైనా ఇవ్వవచ్చని నిబంధనలో స్పష్టంగానే ఉంది. స్త్రీలే ఇవ్వాలని ఎక్కడా లేదు. కాని సామాను ఎక్కువైందని తెలియగానే కౌంటరులో కుర్రాడు ప్రయాణికుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. వెనకాల హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడ్డావిడ ఎవరైనా ఉంటే ఆవిడకు నమస్కారం పెడతాడు. చాలా మర్యాదగానే పెడతాడు.

వకుళ మొదటిసారి ఇచ్చినప్పుడు ఆమెను ఎవరూ అడగనే లేదు. ఉమాపతి అప్పట్లో టైల్స్ కంపెనీలో కొత్తగా చేరి నమూనాల పెట్టెతో రాయపూర్ వెళ్తున్నాడు. పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగింది. అతను రెండు పలకలు తీసేద్దామని పెట్టె తెరవబోయాడు. వెనక వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. కొత్త పెళ్ళికూతురు వకుళకు ఆ నిట్టూర్పు తన మీదే అనిపించింది. ఆమె ముందుకు వచ్చి తనే చెయ్యి ఆనించింది. ఉమాపతి ఆశ్చర్యంగా చూసి, ఆ తరవాత సంతోషంగా చూసి, పెట్టె మూసేశాడు. రెండోసారి అతను పెట్టె తెరవలేదు. ఆమె వైపు తిరిగాడు.

ఆనాడు ఆ నిట్టూర్పు వినపడనట్టు నిలబడి ఉంటే ఎలా ఉండేదని వకుళ ఈమధ్య పప్పు రుద్దుతున్నప్పుడు, బట్టలు మడత పెడుతున్నప్పుడు ఆలోచిస్తూ ఉంటుంది. అడిగాక ఇచ్చినదాన్ని ఇచ్చానని చెప్పుకోవచ్చు. అడగకముందే ఇచ్చినదాన్ని ఇల్లు ఆ మనిషి స్వభావమే అనుకుంటుంది.

టైల్స్ నమూనాల తరవాత ఆడపడుచు శ్యామల మస్కట్ ప్రయాణాలు వచ్చాయి. అప్పట్లో శ్యామల చిరునామా ఇంకా పుట్టింటిదే కాబట్టి నిబంధన అడ్డు రాలేదు. ఆవకాయ, మాగాయ, కందిపొడి, ఒక ఏడాది ఏకంగా వెట్ గ్రైండరు. ఆ తరవాత భ్రమరాంబ వకుళను తోడు తీసుకుని కాశీ వెళ్ళి, తిరిగొస్తూ ఇత్తడి బిందెలు, గంగ క్యాన్లు తెచ్చింది. ఆ తరవాత కూతురు లిఖిత చండీగఢ్‌లో చదువుకి వెళ్ళేటప్పుడు పుస్తకాల అట్టపెట్టెలు, వకుళ వెళ్ళి వెనక్కి తీసుకొచ్చేటప్పుడు మళ్ళీ అవే పెట్టెలు. వెళ్ళిన పుస్తకాలకే రెండోసారి కూడా ఎందుకివ్వాలని వకుళ ఆ రోజు కౌంటరులో అడిగింది. ప్రయాణం వేరు కాబట్టి బరువూ వేరేనని వాళ్ళు చెప్పారు.

విశాఖపట్నంలో ఇలా ఉన్నది వకుళ ఒక్కతే కాదు. ఎంవీపీ కాలనీలో వాళ్ళ వీధి వీధంతా అంతే. మేడ మీద బట్టలారేసేటప్పుడు నడుముకి తాడు కట్టుకుని వాటర్ ట్యాంకుకి ముడేసుకుంటారు. తుఫాను హెచ్చరిక వస్తే పక్కింటివాళ్ళ తలుపు కొట్టి అందరూ లోపలే ఉన్నారా అని లెక్క చూసుకుంటారు. పూర్ణా మార్కెట్లో వలలకు కట్టే సీసపు గుళ్ళు అమ్ముతారు. వాటిని లంగా అంచులో వరసగా కుడితే రోడ్డు మీద కాలు నిలుస్తుంది. వకుళ కుట్టు సన్నగా, సమంగా ఉంటుందని చుట్టుపక్కలవాళ్ళు తమ లంగాలు కూడా తెచ్చి ఇస్తుంటారు.

రుషికొండలో డైవింగ్ క్లబ్బువాళ్ళు కాలనీ మహిళలకు ఒక రోజు ఉచితంగా సముద్రం చూపిస్తామన్నప్పుడు వకుళ తోడు కోసమే వెళ్ళింది. శిక్షకురాలు రీనా అందరికీ మామూలుగా ఇచ్చే ఆరు కిలోల సీసం నడుముకు కట్టి నీళ్ళలోకి దింపింది. ఒక్కరూ మునగలేదు. పదకొండుమంది గృహిణులు వరసగా బోర్లా తేలుతూ ఉండిపోయారు. మగవాళ్ళ బ్యాచి ఇదే సీసంతో చక్కగా మునిగిందని రీనా చిట్టా తిరగేసి మరీ చెప్పింది. మిగతా పదిమందీ ఒడ్డుకొచ్చి, మాస్కులు ఇచ్చేసి, పకోడీలు తిన్నారు. వకుళ మాత్రం తన బ్యాగులోంచి గుళ్ళు తీసి, ఇంకా ఎంత కావాలో కట్టమంది.

మొత్తం ముప్పై మూడు కిలోలు పట్టింది. ఆరు అందరికీ కట్టేవి. మిగతా ఇరవై ఏడూ ఆమె ఇంతకాలం ఇచ్చినవి. నడుముకి కొంత, గాలి జాకెట్టు జేబుల్లో కొంత, పిక్కలకి కొంత. అప్పుడు ఆమె మెల్లగా, అంగుళం అంగుళంగా, దిగింది.

కింద ఆమె గమనించినది ఒక్కటే. అక్కడ ఎవరికీ బరువు లేదు. క్లబ్బులో నేర్చుకుంటున్న తొంభై కిలోల బ్యాంకు మేనేజరు ఒకాయన కూడా నీళ్ళ మధ్యలో అటూ ఇటూ కదలకుండా, పైకీ కిందికీ పోకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు. అలా ఉండటానికే వాళ్ళు వారాల తరబడి శిక్షణ తీసుకుంటారట. వకుళకు ఆ భాగం నేర్పే పని లేకపోయింది. ఊపిరి కాస్త వదిలితే దిగుతుంది, కాస్త పీలిస్తే ఆగుతుంది. దేన్నీ పట్టుకోకుండా ఒకచోట నిలబడి ఎన్నేళ్ళైందో ఆమెకు గుర్తు రాలేదు. ఒక చారల చేప వచ్చి ఆమె మోచేతిని చూసి, ఇక్కడ ఉండేదే అనుకున్నట్టు, తన దారిన పోయింది.

ఆ తరవాత వకుళ క్లబ్బులో చేరింది. కోర్సు పూర్తి చేసింది. సొంత సామాను ఒక్కొక్కటే సమకూర్చుకుంది. ఇప్పుడు క్లబ్బు అండమాన్ వెళ్తోంది. అక్కడ ఇరవై మీటర్ల లోతున పగడాల గోడ ఒకటి ఉందని, దాని ముందు నిలబడితే పైనుంచి వెలుతురు దోమతెరలోంచి పడ్డట్టు పడుతుందని రీనా ఫొటోలు చూపించింది. వచ్చే ఏడు వెళ్దామనుకోవడానికి లేదు. వచ్చే ఏటికి వకుళకు యాభై నిండుతాయి. యాభై నిండినవారికి క్లబ్బు వైద్యుడి సంతకం కావాలి. ముప్పై ఐదు కిలోల లోపు ఉన్నవారికి ఆయన సంతకం పెట్టడు. ప్రయాణం సోమవారం.

చిక్కు సీసం దగ్గర వచ్చింది. మామూలుగా డైవింగుకి వెళ్ళేవాళ్ళెవరూ విమానంలో సీసం మోసుకుపోరు. సిలిండరు, సీసం పడవవాళ్ళే ఇస్తారు. కాని ద్వీపంలో పడవవాళ్ళు మనిషికి తొమ్మిది కిలోలకు మించి ఇవ్వరు. పడవ మీద ఉన్న సీసమే అంత. రాళ్ళూ ఇసుకా కట్టుకుందామంటే ద్వీపం నుంచి రాయి కదిలించడం నేరం. లంగా అంచుల్లో కుట్టుకుని పోదామంటే, ఒంటికి తగిలించుకున్న సీసాన్ని సామానుగానే లెక్కవేయవలెనని విమానం కంపెనీవాళ్ళు ముందుజాగ్రత్తగా రాసిపెట్టారు. కాబట్టి, వచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వచ్చినా, వెళ్ళేటప్పుడు వకుళ ఇరవై నాలుగు కిలోల సీసం తీసుకుపోవాలి. అందుకు ఎవరో ఒకరు ఇరవై నాలుగు కిలోలు ఇవ్వాలి. తన సామానుకి తనే ఇచ్చుకోవచ్చు. కాని అలా ఇస్తే తను ఇంకా తేలికైపోతుంది, ఇంకా ఇరవై నాలుగు కిలోల సీసం కావలసి వస్తుంది. ఆ లెక్క ఎక్కడా తెగదని రీనా కూడా ఒప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం ఉమాపతి బీచ్ రోడ్డు మీద నడక ముగించుకుని వచ్చి బాల్కనీలో బూట్లు విప్పుకుంటున్నాడు. అతని బరువు ఎనభై ఎనిమిది. పది తగ్గమని డాక్టరు చెప్పి ఆరునెలలైంది.

"ఏవండీ, నాకు ఇరవై నాలుగు కిలోలు కావాలి."

"ఎవరు వెళ్తున్నారు?"

"నేనే. సోమవారం."

"అది తెలుసు. సామాను ఎవరిది అని."

"సామానూ నాదే."

ఉమాపతి విప్పిన బూటు లేసుని మళ్ళీ ముడేశాడు. ఆ ఇంట్లో ఇలాంటి ప్రశ్న ఇంతకుముందు రాలేదు.

"మొత్తం ఇరవై నాలుగూనా?"

"మీరు పది ఇవ్వండి చాలు. మిగతాది అత్తయ్యనీ, శ్యామలనీ అడుగుతాను. ఎలాగూ డాక్టరు మిమ్మల్ని పది తగ్గమన్నాడుగా. ఈ నడక కూడా తప్పుతుంది."

"అది వేరు వకుళా. అది నేను తగ్గడం. ఇది ఇవ్వడం."

"పోయేది బరువేగా?"

"నీకు అర్థం కాదు. ఆఫీసులో మనిషన్నాక కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టు తెలియాలి. మా అకౌంట్స్ శేషు లేడూ, వాళ్ళావిడ సామానుకి మూడు కిలోలు ఇచ్చాడు. మూడే! ఇప్పుడు మీటింగులో అతను వచ్చి కూర్చున్నా ఎవరూ తల ఎత్తట్లేదు. లిఫ్టులో అతనొక్కడే ఎక్కితే అది కదలట్లేదుట."

"నేనెక్కినా కదలదు. మెట్లే ఎక్కుతాను."

"నువ్వు ఇంట్లో ఉంటావుగా," అన్నాడు ఉమాపతి. ఆ మాట అనగానే అతనికి కొంచెం బాధ కలిగింది. అందుకని గొంతు తగ్గించి, "అయినా సముద్రం మనకి లేదా ఏమిటి? కిందకి దిగితే కావలసినంత. దానికోసం అంత దూరం ఎందుకు," అన్నాడు. ఉమాపతికి సముద్రంతో ఉన్న సంబంధం ఆదివారం పులుసు వరకే.

భ్రమరాంబ సంగతి వేరు. ఆమె అడగకముందే సిద్ధంగా ఉంది. గోడల అవతలి మాటలు వినడంలో ఆమెకు వయసు అడ్డు రాలేదు.

"నా బరువు నాకు పోయేరోజు కావాలమ్మాయ్," అంది. "మోసేవాళ్ళకి మోసినట్టుండొద్దూ? మా పెద్దన్నయ్య ఏం చేశాడు? బరువంతా మనవళ్ళకీ మనవరాళ్ళకీ ఇచ్చుకుంటూ పోయాడు. పోయినరోజున ఆయన్ని ఇద్దరు ఎడంచేత్తో ఎత్తుకుపోయారు. దారిలో కబుర్లు కూడా చెప్పుకున్నారు. ఊరంతా చూసింది."

"నాకు ఐదు చాలు అత్తయ్యా."

"ఐదంటే ఒక మనిషి భుజం మీది బరువు. ముగ్గురు మోసి ఒకడు ఊరికే నడుస్తాడు. బావుంటుందా?"

బావుండదని వకుళ ఒప్పుకుంది. అత్తగారి వాదనలో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. ఆవిడ కోడలిగా ఉన్నప్పుడు విమానాలు లేవు కాబట్టి రైళ్ళకి, బళ్ళకి ఏమేమి ఇచ్చిందో ఎవరూ లెక్క పెట్టలేదు. మిగిలింది దాచుకోవాలనుకోవడం తప్పు కాదు.

శనివారం పొద్దున్న శ్యామల ఫోన్లో కనిపించింది. విషయం వినగానే రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"అయ్యో వదినా, ఇరవై నాలుగేమిటి, ప్రాణమైనా ఇచ్చేదాన్ని. కాని నా అడ్రసు మస్కట్‌ది అయిపోయిందిగా. రూలు ఒప్పుకోదు."

"అవును, ఒప్పుకోదు."

"ఆ మార్చుకోవడం కూడా నిరుడేనే! కొన్నాళ్ళు ఆగినా పోయేది. నా తెలివి తెల్లారినట్టే ఉంది." ఆమె నిజంగానే బాధపడింది. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక, "అండమాన్‌లో ఎండురొయ్యలు బాగుంటాయిట. ఎక్కువొద్దు, ఓ అరకిలో," అంది.

శ్యామల వెనక వంటింట్లో గ్రైండరు గుండ్రంగా తిరుగుతోంది. మినప్పిండి వాసన కూడా వచ్చినట్టే అనిపించింది వకుళకు. ఆ గ్రైండరు మీద తనవి నాలుగు కిలోలు వెళ్ళాయి. అది ఇంతకాలమూ చెడిపోకుండా పనిచేస్తున్నందుకు ఆమెకు కాస్త తృప్తిగా, కాస్త ఉక్రోషంగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం ఆమె సీసం సంగతి పక్కన పెట్టి మిగతా సామాను సర్దింది. తలుపు గొళ్ళానికి కొక్కెం తాసు తగిలించి ఒక్కొక్కటే తూచింది. మాస్కుని రెండు మేజోళ్ళలో చుట్టి, ఈదడానికి కాళ్ళకు తొడుక్కునే రెక్కల్లాంటి ఫిన్లలో ఒకదాని పాదంలో దూర్చింది. రెండో ఫిన్ పాదంలో టార్చి, బ్యాటరీలు తీసేసి. బ్యాటరీలు చేతిసంచిలో. సిలిండరు నుంచి గాలి తెచ్చే రెగ్యులేటరు గొట్టాలను చుట్టచుట్టి, వాటికి దెబ్బ తగలకూడదు కాబట్టి అవీ చేతిసంచిలోనే. రబ్బరు సూటుని నిలువుగా మడిచి గాలి జాకెట్టు చుట్టూ పరిచింది. చీరలు రెండే. దువ్వెన సగానికి విరిచింది. సబ్బు సగం కోసింది. బట్టల వెనక కుట్టిన కంపెనీ గుడ్డముక్కలు కత్తెరతో విప్పేసింది. పెట్టె పద్నాలుగు కిలోల తొమ్మిదివందల గ్రాములు తూగింది. ఇంతకన్నా పొందికగా ఎవరూ సర్దలేరని ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో ఎవరి పెట్టె సర్దినా ఆమే సర్దింది. కాని ఇంత కచ్చితంగా ఎప్పుడూ సర్దలేదు. అప్పుడు ఆ అవసరం రాలేదు. ఎక్కువైతే తను ఉంది.

జిప్పు పడలేదు. వకుళ పెట్టె మీద కూర్చుంది. అయినా పడలేదు.

"నువ్వు కూర్చుంటే ఏం లాభమమ్మా, లే," అని లిఖిత నవ్వుతూ వచ్చి ఎగిరి కూర్చుంది. పెట్టె మూలిగి నోరు మూసుకుంది. లిఖిత జిప్పు లాగింది.

"ఇంత చిన్నదానివి, ఎంత బరువే నువ్వు," అంది వకుళ.

"యాభై నాలుగు. మొన్నే చూసుకున్నా." లిఖిత పెట్టె దిగకుండానే కాళ్ళు ఊపుతూ అడిగింది. "అక్కడ కింద నిజంగా ఎలా ఉంటుందమ్మా?"

వకుళ ఆలోచించింది. "ఎవరూ పిలవరు," అంది.

లిఖితకు ఇరవై మూడేళ్ళు. వచ్చే నెల హైదరాబాదులో ఉద్యోగంలో చేరాలి. నడిస్తే నేల చప్పుడవుతుంది. మెట్లు దిగితే కింది వాటావాళ్ళకి తెలుస్తుంది. తలుపు వేస్తే పడుతుంది. కూతుర్ని మాత్రం వకుళ బరువు అడగలేదు. అడగకూడదని నిర్ణయించుకున్నదీ లేదు. అడిగే చోటికి వచ్చి ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం రీనా ఫోన్ చేసింది. "సీసం కుదరకపోయినా రండి మేడమ్. మాస్కు పెట్టుకుని పైనే తేలుతూ చూడొచ్చు. చాలామంది ఆడవాళ్ళు అలాగే చూసి వస్తారు. పైనుంచి కూడా బాగానే కనిపిస్తుంది."

"గోడ కనిపిస్తుందా?"

"గోడ కనిపించదు. నీళ్ళు నీలంగా కనిపిస్తాయి."

వకుళ ఆ రాత్రి ఎప్పటిలాగే పక్క మీద దుప్పటి అంచుల్ని పరుపు కిందికి దోపుకుని పడుకుంది. పైనుంచి చూసి రావడం గురించి ఆలోచించింది. ఇన్నాళ్ళూ చాలావాటిని అలాగే చూసింది. ఇంకొకటి కూడా అలా చూడటానికి అంత దూరం పోనక్కర్లేదని ఆమెకు తేలింది. టికెట్టు రద్దు చేసుకుంటానని రేపు భోజనాల దగ్గర చెప్పేద్దామనుకుంది. చెప్పేశాక పెట్టె విప్పి, ఫిన్లు, సూటు అటక మీద పెట్టాలి. రబ్బరు అంటుకోకుండా పౌడరు చల్లాలి. ఈ వివరం దగ్గర మాత్రం ఆమె పక్కకి తిరిగి దుప్పటి అంచు మళ్ళీ దోపుకుంది.

ఆదివారం వంజరం చేపల పులుసు చేసింది. అందరికీ వడ్డించి, తనూ కంచం పెట్టుకుని, బల్ల కాలికి పాదం మెలేసి కూర్చుంది. ఉమాపతి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పులుసు బాగా కుదిరితే అతను అలాగే చేస్తాడు.

"ఒక మాట," అంది వకుళ. "రేపటి ప్రయాణం గురించి."

"ఇరవై నాలుగూ నేనిస్తాను," అంది లిఖిత.

చేపముక్కలోంచి ముల్లు తీస్తూ, ఉప్పు ఇటివ్వమన్నట్టే అంది. ముల్లు తీసి కంచం అంచున పెట్టి తల ఎత్తింది. అందరూ తన వంకే చూస్తున్నారు.

"ఏంటలా చూస్తారు? నా పుస్తకాలకే అమ్మ తొమ్మిది కిలోలు ఇచ్చింది. యాభై నాలుగులో ఇరవై నాలుగు పోతే ముప్పై. అమ్మకన్నా ఒక్క కిలోనే తక్కువ. అమ్మ బతకట్లేదా?"

మొదట కదిలింది ఉమాపతి ముఖం. రెండు రోజులుగా అతని కనుబొమ్మల మధ్య ఉన్న ముడి విడిపోయింది. తను మంచివాడు కాదేమోనన్న అనుమానం రెండు రోజులు అతన్ని నిజంగానే బాధపెట్టింది. ఇప్పుడు ఆ బాధకు కారణం లేకుండాపోయింది.

"అదీ కుటుంబమంటే," అన్నాడు. "నాకు తట్టనే లేదు సుమా. ఎలాగూ హైదరాబాదులో దానికి కంపెనీ బస్సుంటుంది. గుమ్మంలో ఎక్కి గుమ్మంలో దిగడమేగా."

"చిన్నవయసులో ఇస్తే ఒంటికి తెలియదు," అంది భ్రమరాంబ. "ఇప్పట్నుంచే అలవాటైతే రేపు అత్తారింట్లో కొత్తగా ఉండదు." అని పులుసు గిన్నెలోంచి నడిముక్క తీసి మనవరాలి కంచంలో వేసింది. నడిముక్క ఆ ఇంట్లో ఎప్పుడూ ఉమాపతిది. అతను చూశాడు. చూసి గిన్నె కాస్త అటు జరిపాడు.

వకుళ గొంతులో 'వద్దు' అన్న మాట ఉంది. అది అక్కడ ఉన్న సంగతి ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది. దాన్ని అనడానికి పెద్ద శ్రమ లేదు. నోరు తెరిస్తే చాలు. లిఖిత కోప్పడుతుంది, కాసేపు వాదిస్తుంది, తరవాత తింటుంది. సాయంత్రానికి పెట్టె అటకెక్కుతుంది. వచ్చే ఏడు యాభై నిండుతాయి.

లిఖిత మంచినీళ్ళ కోసం పక్కకి వాలింది. ఆమె కింద కుర్చీ కిర్రుమంది. ఎంత నిండుగా ఉందో ఆ చప్పుడు అని వకుళ అనుకుంది. ఇరవై మీటర్ల కింద, నీలంలోంచి దిగుతున్న వెలుతురులో, ఆ గోడ ముందు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తను నిలబడి ఉండటం కూడా ఆ క్షణంలోనే కనిపించింది. రెండూ ఒకేసారి కనిపించాయి. రెండిట్లో ఏది ముందు మాయమవుతుందోనని ఆమె కొంతసేపు ఎదురుచూసింది. ఏదీ మాయం కాలేదు. ఉమాపతి రెండోసారి అన్నం పెట్టుకున్నాడు. భ్రమరాంబ నిమ్మకాయ పచ్చడి అడిగింది. వకుళ సీసా అందించింది.

"ఏమ్మా, మాట్లాడవేం?" అంది లిఖిత. "సరేనా?"

"సరే," అంది వకుళ.

తన గొంతు ఎంత మామూలుగా వచ్చిందో ఆమెకే వినిపించింది. లిఖిత నవ్వింది. పిల్ల ముఖంలో ఎంత సంతోషం ఉందంటే, వకుళ ఆ ముఖం వంక చూడలేక కంచంలోకి చూసింది. కలిపిన అన్నాన్ని మళ్ళీ కలిపింది. కలుపుతూనే, రేపు చెయ్యవలసిన పనుల గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్న ఆరింటికల్లా తయారవ్వు. ఏమీ తినకుండా రాకు, కళ్ళు తిరుగుతాయి. లంగా అంచులో గుళ్ళు ఈ సాయంత్రం కుట్టేస్తాను, ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చేటప్పుడు నీకు కావాలి. మొదటి వారం మేడ మీదకి వెళ్ళకు." ముగ్గురూ వింటున్నారు. "పలక మీద చెయ్యి పెట్టగానే ఎక్కణ్ణించి తీయమంటారని అడుగుతారు. భుజాల్లోంచి అను, వీపులోంచి అను. కాళ్ళలోంచి మాత్రం ఇవ్వకు లిఖితా. నేను కాళ్ళతోనే మొదలుపెట్టాను."